కొండమీదుగా వచ్చిన మ్రోత



మన పడమటి సీమవారికి పెద్ద శబ్దములు కొత్త కావు. మార్కాపురము చుట్టునున్న పలకగనులలో తోటాలు ప్రేలుచుండగా మనము పెరిగితిమి. బొగ్గు ఇంజనుల దినములలో దిగువమెట్ట కనుమ నెక్కు రైలు రొప్పు అర్ధరాత్రి వేళ ఎంతో దూరము వినబడుచుండెడిది. అయినను తలమీదుగా, తాటిచెట్ల కొనలను రాచునా యన్నట్లు దిగివచ్చి పోవు సైనిక విమానపు మ్రోత వేరు. గనిలో తోటా పెట్టువాడు ముందుగా కేక వేయును. రైలుకు కూత యున్నది. దీనికి అట్టిదేమియు లేదు. పశువులు పలుపులు త్రెంచుకొనును, కోళ్లు గంపల క్రింద దూరును, మీసము మెలివేయు మగవాడు సైతము తల వంచును. అందరును పైకి చూచునప్పటికి అక్కడ ఆకాశము తప్ప ఏమియు ఉండదు.

నేను ఎలిమెంటరీ పాఠశాలలో ఉపాధ్యాయుడనుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. నా కాపురము దోర్నాలకు దగ్గరగా, నల్లమల పాదమున. ఈ విమానములను గూర్చి నేను ఎరిగిన సంగతులు మీతో చెప్పవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాను. అందులో ఒకటి ముఖ్యమైనది. దానికి వచ్చుటకు ముందు పాతవి కొన్ని చెప్పెదను, ఓర్చుకొనుడి.

మా తండ్రిగారి కాలమున ఈ మ్రోత దొనకొండ వైపునుండి వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధ కాలములో ఆంగ్లేయ ప్రభుత్వమువారు దొనకొండ దగ్గర విమానములు దిగుటకు ఒక మైదానము కట్టించిరి. గుంటూరు, గుంతకల్లుల మధ్య వేసిన మీటరుగేజి దారిమీద దొనకొండ అప్పటికే పేరుగల రైలు కేంద్రము. మా తండ్రిగారు పెండ్లికాని పడుచువాడు. పంటలు లేని వేసవిలో ఆ మైదానమునకు మట్టి మోయు కూలికి పోయెను. ఆ మట్టిమీద ఏమి దిగునో మోయువారిలో అనేకులు ఎరుగరు. 1942 ఏప్రిల్ 6వ తేదీని జపానువారి విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసినప్పుడు ఆ వార్త రైలుదారి వెంబడి ఊరూర ప్రాకెను. మద్రాసు ఖాళీ అగుచున్నదని చెప్పుకొనిరి. మా నాయనమ్మ జొన్నల కుండలు రెండు పశువులకొట్టములో పాతిపెట్టినదట. విమానము వచ్చి జొన్నలు ఎత్తుకొనిపోవునని ఆమె భయము. ఆమెను చూచి నవ్వకుడి. అంతకు ముందు ఆమె ఎరిగిన ప్రతి దండును జొన్నలకొరకే వచ్చినది.

ఒకనాడు ఒక విమానము ఆ కూలివారి మీదుగా మిక్కిలి క్రిందుగా పోయెను. గంపలు పారవేసి అందరును పడుకొనిరి. మా తండ్రిగారు మాత్రము వెల్లకిల పడినందున దానిని చూచెను. కండ్లకు అద్దములు పెట్టుకొన్న ఒక మనుష్యుడు అందులో కూర్చుండి చేయి ఊపెనని ఆయన చెప్పుచుండెను. తోడి కూలివారు నమ్మలేదు. ఊపెనేమో గాని అది బెదిరించుట అని కొందరనిరి. ఆ వాదము మా అరుగుమీద నలువది ఏండ్లు జరిగెను. మా తండ్రిగారు కన్నుమూయు సంవత్సరమున కూడ, “వాడు చెయ్యి ఊపినాడురా, నన్ను చూసే ఊపినాడు” అనెను.

ఇక నా అనుభవము. 1980వ దశకములో నేను కంభము దగ్గర ఒక పల్లెలో పాఠము చెప్పుచుంటిని. మధ్యాహ్నపు వేళ, పిల్లలు ఎక్కములు వల్లించుచుండగా, రెండు జెట్ విమానములు కొండ దాటి వచ్చి మా బడికప్పు మీదుగా పోయినవి. పెంకులు గలగలలాడినవి. పలకలు చేతులనుండి జారి నాలుగైదు పగిలినవి. పలకల సీమలో కూడ పగిలిన పలక పేదవానికి నష్టమే. పిల్లలు ఏడ్చుట మానిన తరువాత నేను నల్లబల్లమీద లెక్క వేసి చూపితిని. అదే మీకును చెప్పెదను.

శబ్దము ఒక సెకండుకు 340 మీటర్లు ప్రయాణము చేయును. గంటకు 900 కిలోమీటర్ల వేగముతో వచ్చు జెట్ సెకండుకు 250 మీటర్లు వచ్చును. మూడు కిలోమీటర్ల దూరమున నున్న కొండను అది దాటినదనుకొనుడి. అంతవరకు దాని శబ్దమునకు కొండ అడ్డము. దాటిన క్షణమున బయలుదేరిన శబ్దము మనకు చేరుటకు తొమ్మిది సెకండ్లు పట్టును. విమానము చేరుటకు పండ్రెండు. అనగా మనకు మిగులునది మూడు సెకండ్లు. చంటిబిడ్డను ఎత్తుకొనుటకు కూడ అవి చాలవు.

అంత క్రిందుగా ఎందుకు పోవుదురని పెద్దపిల్లవాడొకడు అడిగెను. శత్రువుల రాడారు ఎత్తున పోవు విమానమును దూరమునుండియే పట్టుకొనును. దాని తరంగములు తిన్నగా పోవును గనుక కొండల చాటున, నేలను అంటి పోవుదానిని అవి సులభముగా కనుగొనలేవు. చేలో మంచెమీద కావలి యున్నవానికి గట్టు వెంబడి వంగి నడచువాడు కనబడునా? అదే ఉపాయము. అందుకై వైమానికులు శాంతికాలములోనే దానిని అభ్యాసము చేయవలెను. అది వారికిని ప్రాణాపాయమైన పనియే. అంత తక్కువ ఎత్తున ఒక గ్రద్ద ఇంజనుకు తగిలినను తప్పించుకొనుటకు వ్యవధి చాలదు.

అప్పుడు ముందు వరుసలోని ఒక చిన్నపిల్ల లేచి, “అయ్యవారూ, పైన ఉండేవాళ్ళకి మనం కనబడతామా?” అనెను. దానికిని లెక్కయే జవాబు. మా పల్లె ఈ కొననుండి ఆ కొనకు అర కిలోమీటరు. అది వానికి రెండు సెకండ్లు. కంభము చెరువు వానికి కనబడును, రైలుదారి కనబడును, కొండల వరుస కనబడును. వాటినిబట్టి దారి తెలిసికొనవచ్చును. “నీవు కనబడవు, తల్లీ” అంటిని. ఆ పిల్ల కొంచెము చిన్నబుచ్చుకొని కూర్చుండెను. తండ్రిగారి మాట జ్ఞాపకము వచ్చినది గాని నేను పైకి అనలేదు. ఆనాటి విమానములు ఇంత వేగముగలవి కావు, ఆయనకు కనబడియుండవచ్చును.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాను.

2009 సెప్టెంబరు 2వ తేదీ, బుధవారము. ఉదయము 8 గంటల 38 నిమిషములకు నాటి ముఖ్యమంత్రి డాక్టరు వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారు హైదరాబాదు బేగంపేటనుండి హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరిరి. అది సైనిక యంత్రము కాదు, రాష్ట్ర ప్రభుత్వపు బెల్ 430. తొమ్మిదిన్నర కావచ్చుచుండగా నల్లమలమీద దాని జాడ తెలియకపోయెను. మా వైపు ఆనాడు ముసురు. కొండ నడుము వరకు మబ్బు దిగి, ఆత్మకూరునుండి దోర్నాలకు వచ్చు కనుమదారి కనబడుట లేదు. మధ్యాహ్నమునకు ప్రతి ఇంటను టీవీ ముందర జనులు గుమిగూడిరి. చీకటి పడినను కబురు లేదు. ఆ రాత్రి మా ప్రార్థనామందిరములో దీపము ఆరలేదు. రామాలయములోను ఆరలేదు.

వెదకుట ఎట్లు జరిగెనో మీలో అనేకులు ఎరుగుదురు. వైమానికదళపు హెలికాప్టర్లు వచ్చినవి. సుఖోయి యుద్ధవిమానమును, ఇస్రోవారి ఉపగ్రహమును కూడ ఆ పనిలో పెట్టిరి. నేలమీద వేలకొలది పోలీసులు, అటవీశాఖవారు, వారికి అడవి ఎరిగిన చెంచులు తోడు. అయినను ఒక రాత్రి గడిచెను. నల్లమలను వేసవిలో మాత్రమే చూచినవారికి ఇది వింతగా తోచును. వేసవిలో ఆ చెట్లు ఆకు రాల్చి ఎముకల గూళ్లవలె ఉండును. నేలమీది కుందేలు కూడ కనబడును. భాద్రపద మాసమున ఆకుమీద ఆకు కప్పి అడవి ఒక చాపవలె మూసికొనును. వానకు తడిసిన కొండలో వేడిని పసిగట్టు కెమెరాకును ఆనవాలు దొరకుట కష్టము. కాబట్టి క్రిందికి దిగి కంటితో చూడవలెను. క్రిందికి దిగిన చోటనే మబ్బు, కొండవాలు గాలులు. పోయిన యంత్రము ఏ మబ్బులో చిక్కెనో ఆ మబ్బులోనికే వెదకు యంత్రమును పోవలెను. దీనిని మనము తేలికగా తలంచరాదు.

మా ఇంటికి నాలుగు ఇండ్లవతల ఒక ఆమె యుండెను. పేరు చెప్పను. ఆ సంవత్సరమే ఉగాదికి ముందు ఆమె భర్త తప్పిపోయిన బఱ్ఱెను వెదకుటకు అడవికి పోయెను. సద్దిగిన్నె గుడ్డలో కట్టుకొని, గొడ్డలి భుజాన వేసికొని పోయినవాడు మరల రాలేదు. మూడవనాడు బఱ్ఱె తానే ఇంటికి వచ్చినది. ఊరివారు రెండు దినములు తిరిగిరి. వాగులు ఎండియుండుట వలన త్రాగుటకు నీరు దొరకక మరలివచ్చిరి. ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొనిరి. అంతటితో ఆగెను. ఆమె బొట్టు తీయలేదు, తీయమని చెప్పుటకు ఎవరికిని నోరు రాలేదు. బఱ్ఱెను మాత్రము అమ్మివేసెను.

మూడవ తేదీ తెల్లవారిన తరువాత ముసురు కొంత విడెను. ఒక హెలికాప్టరు కొండవరుస వెంబడి వచ్చెను. మొదట గుండెలో దడవలె, తరువాత చెవులలో, ఆపైన ఇంటికప్పులో. అది జెట్ వలె తటాలున పోలేదు. మా చేల చివర, కొండవాలు మొదలగు చోట, దాదాపు నిలిచినట్లే నిలిచి, ప్రక్కకు జరిగి, మరల నిలిచెను. క్రింద జొన్నచేను నేలకు వంగిపోయెను. తెరచిన తలుపు దగ్గర శిరస్త్రాణము పెట్టుకొన్న ఒక మనుష్యుడు మోకాళ్లమీద ఉండి క్రిందికి చూచుచుండెను. మమ్మును కాదు, చెట్ల సందులను. తల ఇటునుండి అటు మెల్లగా త్రిప్పుచు, పోగొట్టుకొన్న సూదిని వెదకువానివలె చూచుచుండెను. అనేక విమానములు నా తలమీదుగా పోయినవి. క్రిందికి చూచుచున్నవానిని నేను చూచుట అదియే మొదలు.

ఆమె నా అరుగు దగ్గరకు వచ్చి నిలిచెను.

“అయ్యవారూ, ఎందుకు ఇంత కిందికి దిగుతున్నారు?”

“చెట్ల సందున మనిషి కనబడాలని, అమ్మా.”

ఆమె కొంచెము సేపు ఊరకుండెను. “అట్లయితే మా ఆయన కూడా కనబడొచ్చు గదా?” అనెను.

నేను ఏమి చెప్పుదును? అయిదు నెలల మాట అది. ఆమె నా జవాబు కొరకు ఆగలేదు. చేని గట్టుమీదికి పోయి, ఆ యంత్రము కొండ మలుపు తిరుగువరకు, తిరిగిన తరువాతను, అక్కడనే నిలిచెను. పైట గాలికి తొలగినను సర్దుకొనలేదు.

ఆ ఉదయమే, మాకు పడమట, అడవి అవతలి వైపున నున్న పావురాలగుట్టమీద శిథిలములను వైమానికదళపు హెలికాప్టరువారు కనుగొనిరి. ముఖ్యమంత్రిగారితో కూడ ఆయన కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యంగారు, ముఖ్య భద్రతాధికారి ఏ. ఎస్. సి. వెస్లీగారు, యంత్రము నడిపిన గ్రూప్ కెప్టెన్ ఎస్. కె. భాటియా, కెప్టెన్ ఎం. ఎస్. రెడ్డి, అయిదుగురును మరణించిరి. ఆ అయిదు పేర్లలో నాలుగు తరచుగా మరువబడుచున్నవి కాబట్టి ఇక్కడ వ్రాసితిని. మా ఊరిలో పొయ్యి వెలిగించినవారు లేరు. వృద్ధాప్య పింఛను అందుకొను ముసలివారు సొంత కుమారుడు పోయినట్లు ఏడ్చిరి. ఆమె మాత్రము ఏడ్వలేదు. “వాళ్ళ ఇండ్లకు కబురన్నా అందింది” అని మాత్రము అనెను.

ఈ మాటను కొందరు తప్పు పట్టిరి. ముఖ్యమంత్రితో సమానముగా చెప్పుకొనుచున్నదని ఒకరనిరి. నాకు అట్లు తోచలేదు. రాజ్యమును ఏలువాడు కనబడకపోయిన యెడల దేశమంతయు వెదకుట న్యాయమే. వెదకకున్న యెడల అది సిగ్గుచేటు. అయితే ఒక పశువులకాపరికొరకు ఆకాశమునుండి వెదకుట సాధ్యము కాదని ఆమెకు తెలియదా? తెలియును. ఆమె అడిగినది యంత్రమును కాదు. మోకాళ్లమీద నుండి చూచిన ఆ మనుష్యుని చూపును అడిగెను.

ఆ మాట ఎవరి నోటనో పోయి, పోలీసులకు దారిచూపిన ఒక చెంచు పెద్ద చెవిని పడెను. అతడు మరుసటి వారము దోర్నాల సంతకు వచ్చినప్పుడు ఆమె ఇల్లు అడుగుకొనుచు వచ్చెను. “తల్లీ, వాళ్ళు పైనుంచి చూసి పోతారు. మేము ఆడనే ఉంటాం గదా. వానలు పోనీ, చూస్తాం” అని, భర్త ఏ వైపు పోయినది, ఏమి కట్టుకొన్నది, బఱ్ఱె ఏ రంగుది అని ఒక్కొక్కటే అడిగి పోయెను. వ్రాసికొనలేదు, అతనికి వ్రాత రాదు. దీపావళి వెళ్లిన తరువాత అతడును ఇద్దరు పడుచువారును వచ్చిరి. వారు తెచ్చినది ఒక స్టీలు సద్దిగిన్నె. మూత లేదు. అంచున చుక్కలతో కొట్టించిన పేరు అట్లే యున్నది. గిన్నె దొరికిన చోట మరికొన్ని ఉన్నవనియు, వాటిని అక్కడనే మట్టిచేసి రాళ్లు పేర్చితిమనియు, కావలెనన్న తీసికొనిపోయి చూపుదుమనియు అతడు నాతో వేరుగా చెప్పెను. ఆమె ఆ గిన్నెను ఒడిలో పెట్టుకొని ఆ పేరుమీద వ్రేలు పెట్టి తడవుచు కూర్చుండెను. ఆ దినమున ఏడ్చెను. పెద్దకుమారుడును బంధువులు ఇద్దరును చెంచులతో కూడ పోయి ఆ రాళ్లను చూచి వచ్చిరి.

ఈ గిన్నె వచ్చుటకు కొన్ని దినములు ముందు, అక్టోబరు మొదటి వారములో, అవే జాతి యంత్రములు మరల మన దిక్కున క్రిందుగా ఎగిరినవి. తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు పట్టణము మునిగెను. మన మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలోనివే గనుక ప్రతి ఊరికిని అక్కడ చుట్టములున్నారు. మా ఊరివాడొకడు అక్కడ మేడమీద చిక్కుకొని రెండు రాత్రులు గడిపెను. మూడవ దినమున హెలికాప్టరు తలమీదికి వచ్చి అన్నపు పొట్లములు వేసెనట. దాని గాలికి ఆరవేసిన బట్టలన్నియు నీళ్లలోనికి ఎగిరిపోయెననియు, పొట్లముకొరకు బలవంతులు ఎగబడగా మెట్లమీద కూర్చున్న ముసలివారికి మొదటి సారి ఒకటియు అందలేదనియు, రెండవ సారి తానే నిలువబడి పంచితిననియు చెప్పెను. అతని మాటలలో రెండవ సారి సంగతిమాత్రము నేను సగము నమ్మితిని. కాని యంత్రము వచ్చుట సత్యము, పొట్లము వేడిగా నుండుట సత్యము.

ఇక చివరగా ఇటీవలి సంగతి. అద్దంకి దగ్గర, కొరిశపాడు రేణింగవరముల మధ్య, 16వ నెంబరు జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుగల కాంక్రీటు భాగము ఒకటి యున్నది. అవసర సమయమున విమానములు దిగుటకు అది కట్టబడినది. తుపానులు వరదలు వచ్చినప్పుడు సహాయము తెచ్చుటకు కూడ అది పనికివచ్చునట. 2022 డిసెంబరు 29న వైమానికదళమువారు అక్కడ మొదటి పరీక్ష చేసిరి. ఆనాడు విమానములు రోడ్డును తాకకుండ దానిమీదుగా పోయినవి. 2024 మార్చి 18న మరల చేసిరి. ఆ రెండవదానికి మా మనుమడు నన్ను పట్టుబట్టి తీసికొనిపోయెను.

పోలీసులు మమ్మును దూరముననే ఆపిరి. సుఖోయి, హాక్ విమానములు దిగునట్లే దిగివచ్చి, చక్రము తాకక ముందే పైకి లేచిపోయినవి. జనులు చెవులు మూసికొని కేరింతలు కొట్టిరి. నాకు మాత్రము ఎ.ఎన్.-32 అను సరుకుల విమానము ఎక్కువ నచ్చినది. రెండు పంకాలతో, బరువైన ఎద్దువలె, తొందర లేకుండ వచ్చి నిజముగా రోడ్డుమీద దిగెను. డోర్నియరు అను చిన్న విమానమును అట్లే దిగి మరల లేచెను. బియ్యము మోయగలిగినది, రోగిని ఎక్కించుకొనగలిగినది అట్టిదే గదా.

“తాతా, మన వైపు కూడా ఇట్లా దిగొచ్చా?” అని మా మనుమడు అడిగెను. అంత పొడవు చదునైన నేల మన కొండల క్రింద ఎక్కడ నున్నది? హెలికాప్టరు వచ్చిన వచ్చును. “దొనకొండలో మీ ముత్తాత మట్టి మోసిన నేల ఒకటి ఉంది” అంటిని. దానిమీద మరల విమానములు వచ్చునని మాట అనేకసారులు పుట్టినది. ఎవరు చేయి ఊపినారను కథ వానికి చెప్పవలసివచ్చెను. వాడు వెంటనే, తప్పక ఊపియుండునని తీర్పు చెప్పెను.

అంతలో పోలీసులు అడ్డుకఱ్ఱలు తీసివేసిరి. ఆగియున్న బండ్లు కదలినవి. మొదట వచ్చినది పొగాకు బేళ్లు వేసికొన్న లారీ. విమానము దిగిన కాంక్రీటుమీదనే అది మూల్గుచు పోయెను. ఎండ తీవ్రముగా నుండినందున మేము మజ్జిగ త్రాగి, ఒంగోలు బస్సుకొరకు నిలిచితిమి.